పండుగలో పిల్లల వాటా

దసరా సెలవులు మొదలైన దగ్గర్నుంచి సంక్రాంతి వెళ్ళేదాకా, ఢిల్లీలో ఉంటున్న తెలుగు తల్లిదండ్రుల నోట ఒక మాట తరచుగా వినిపిస్తుంది. ద్వారకలో ఉన్నవాళ్ళైనా, నోయిడా, ఇందిరాపురం, గురుగ్రామ్ అపార్ట్‌మెంట్లలో ఉన్నవాళ్ళైనా, పిల్లల చదువు గురించో దగ్గు గురించో మాట్లాడుతూ చివరికి అక్కడికే వస్తారు. "ఏది కొనిచ్చినా విలువ లేదండీ. కొత్త బట్టలు తెస్తే మంచం మీద పడేశాడు. అమ్మమ్మ పంపిన అరిసెలు ముట్టుకోలేదు. పండగంటే వీడికి సెలవు, ఫోను, అంతే. మేం ఇలాగే పెరిగామా?"

ఈ మాట అనేటప్పుడు గొంతులో కోపం కంటే దిగులే ఎక్కువ ఉంటుంది. ఎందుకుండదు? పుట్టిన ఊరికి పదిహేను వందల కిలోమీటర్లకు పైగా దూరంలో, ఆఫీసు, ట్రాఫిక్, పొగ మధ్య బతుకుతూ, మన పండుగను మన పిల్లలకు అందించాలని ఆరాటపడుతున్నాం. చాచిన చేతిని వాళ్ళు చూడనట్టే వెళ్ళిపోతే మనసు చివుక్కుమంటుంది.

ముందుగా ఒక ధైర్యం చెప్పుకుందాం. పండగ పూట మొహం చిట్లించిన పిల్లవాడు కృతజ్ఞత లేనివాడు కాదు. వాడి మనసు ఇంకా పెరుగుతోంది, అంతే. ఆ వెంటనే కాస్త కష్టమైన మాట కూడా చెప్పుకోవాలి. కృతజ్ఞత చెబితే వచ్చేది కాదు, అడిగితే అసలు రాదు. పండుగలో తనకంటూ ఒక పని, ఒక వాటా ఉన్న పిల్లకు అది మెల్లగా అబ్బుతుంది. మనలో చాలామందిమి, పిల్లలు కష్టపడకూడదన్న ప్రేమతోనే, ఆ వాటాను వాళ్ళ చేతిలోంచి తీసేసుకుంటున్నాం.

వాడికి కనిపించేదేమిటి?

ఒక్కసారి పిల్లవాడి ఎత్తుకు వంగి చూద్దాం. మన చిన్నప్పుడు సంక్రాంతి నెల పట్టేసరికి ఇంట్లో పండుగ పని మొదలయ్యేది. బియ్యం నానేవి, రోకలి చప్పుడు వినిపించేది, బెల్లం పాకం వాసన వీధిలోకి వచ్చేది. అమ్మ చీర చెంగుతో నుదురు తుడుచుకోవడం, నాన్న సంత నుంచి చెరుకు గడలు భుజాన వేసుకుని రావడం చూశాం. మన చేతిలోకి వచ్చిన అరిసె వెనక ఎవరెవరున్నారో ఎవరూ పాఠం చెప్పకుండానే తెలిసింది.

ఇప్పుడు వాడి సంగతి చూడండి. ఫోను మీద వేలు కదిపితే నిమిషాల్లో సంచి గుమ్మంలో ఉంటుంది. అలా సరుకు తెచ్చిపెట్టే బ్లింకిట్ కంపెనీ పుట్టింది మన గురుగ్రామ్‌లోనే. పెన్సిల్ అడిగినా, పూజకు అరటిపళ్ళు అడిగినా సంచి ఒకే వేగంతో వస్తుంది. ఎదురుచూపు లేదు, చేసిన మనిషి కనిపించడు. కనిపించని చేతికి పిల్లలు ఎలా దణ్ణం పెడతారు?

వయసు సంగతి కూడా ఉంది. స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నగరంలో ఫ్రాంజిస్కా బామ్‌గార్టెన్-ట్రామర్ అనే మనస్తత్వవేత్త, ఏడు నుంచి పదిహేనేళ్ళ పిల్లలను రెండు ప్రశ్నలు అడిగి, ఆ జవాబులను 1938లో ప్రచురించారు. నీకున్న కోరికల్లో పెద్దది ఏది? దాన్ని తీర్చినవాళ్ళకు నువ్వేం చేస్తావు? ఎనిమిదేళ్ళ ప్రాయంలోని పిల్లలు చాలామంది తమకు ఇష్టమైన వస్తువునే ఇచ్చేస్తామన్నారు. ఎదుటి మనిషికి ఏది కావాలో ఆలోచించి చెప్పడం పెద్ద పిల్లల్లో ఎక్కువగా కనిపించింది. అంటే చిన్నపిల్లల కృతజ్ఞత మనకు తెలిసిన రూపంలో ఉండదు. చాలాసార్లు అది మన కళ్ళముందే ఉన్నా పోల్చుకోలేం.

నాన్నమ్మ పంపిన స్వెట్టర్‌కు బదులుగా తన పోకెమాన్ కార్డు పంపుతానన్నాడు ఒక పిల్లవాడు. ఇంట్లో అందరూ నవ్వారు. "నాన్నమ్మ ఏం చేసుకుంటుందిరా దాన్ని? ఫోన్ చేసి థాంక్యూ చెప్పు చాలు" అన్నారు. వాడు కార్డు జేబులో పెట్టుకుని, ఫోనులో చెప్పమన్న మాట అనేసి వెళ్ళిపోయాడు. వాడు ఇవ్వబోయింది తన దగ్గరున్న వాటిలో అతి విలువైనది. మన ఇంట్లో అలాంటి మాట వినబడితే నవ్వకుండా ఒక కవరు, స్టాంపు తెచ్చి ఇద్దాం. నాన్నమ్మకు విషయం చెప్పి ఉంచితే, ఆవిడ ఆ కార్డును దేవుడి పటం పక్కనే పెట్టుకుంటుంది.

థాంక్యూ చెప్పించడం తప్పా అంటే, తప్పేం కాదు. మర్యాద నేర్పాల్సిందే. కాకపోతే మర్యాద దగ్గరే ఆగిపోతున్నాం. అమెరికాలోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో ఆండ్రియా హసాంగ్ బృందం పిల్లల్లో కృతజ్ఞత ఎలా పెరుగుతుందో పరిశీలించి, అందులో నాలుగు భాగాలున్నాయని చెప్పింది: తనకేం అందిందో గమనించడం, ఎందుకు అందిందో ఆలోచించడం, దానివల్ల మనసుకు ఏమనిపించిందో తెలుసుకోవడం, ఆ తర్వాత ఏదైనా చెయ్యడం. తల్లిదండ్రుల దృష్టి ఎక్కువగా చివరి భాగం మీదే ఉంటుంది. మొదటి మూడూ లేకుండా నాలుగోది చేయిస్తే అది పెదవులు దాటి లోపలికి పోదు. అందుకని ఈసారి అరిసెల డబ్బా విప్పేటప్పుడు "థాంక్యూ చెప్పావా?" అనే బదులు, "ఇన్ని చెయ్యడానికి అమ్మమ్మకు ఎంతసేపు పట్టి ఉంటుందంటావ్?" అని అడిగి చూద్దాం. జవాబు సరిగ్గా రాకపోయినా పరవాలేదు. వాడు ఒక్క నిమిషం అమ్మమ్మ వంటింట్లోకి వెళ్ళి వస్తే చాలు.

ప్రేమను అప్పుగా రాయొద్దు

ఇక్కడ మనల్ని మనం కాస్త నిదానంగా ప్రశ్నించుకోవాలి. పిల్లలు విలువ తెలుసుకోవాలన్న ఆత్రంలో మనం ఏమంటున్నాం? "నీకోసమే కదా ఊరు వదిలి ఇంత దూరం వచ్చాం." "నీ ఫీజులకే సగం జీతం పోతోంది." "నీ వయసులో మాకు ఏడాదికి ఒక్క జత బట్టలు." ఇవన్నీ నిజాలే. వాటి వెనక ఉన్న కష్టమూ నిజమే. అయినా ఎనిమిదేళ్ళ చెవికి అది వినిపించే తీరు వేరు. "నావల్ల వీళ్ళకు ఇన్ని కష్టాలు" అని వినిపిస్తుంది. ఆ వయసులో తను చెయ్యగలిగిందేమీ లేదు కాబట్టి బరువు మాత్రమే మిగులుతుంది. అప్పున్నవాడు అప్పిచ్చినవాణ్ణి చూసి వీధి మారినట్టు, బరువెక్కిన పిల్లలు మన నుంచి తప్పుకు తిరుగుతారు. పదిహేనేళ్ళు వచ్చేసరికి గది తలుపు మూసుకుంటారు. అది నిర్లక్ష్యం అనుకుంటాం. చాలాసార్లు అది తీర్చలేని అప్పు ముందు నిలబడలేకపోవడం.

అదే సంగతిని కథలా చెప్పవచ్చు. కథలో మన త్యాగం కాస్త వెనక్కి తగ్గి, మనకు సాయం చేసినవాళ్ళు ముందుకు రావాలి. "నేను మొదటిసారి ఢిల్లీలో రైలు దిగింది డిసెంబరులో. ఒంటి మీద పల్చటి చొక్కా. ఇంటి ఓనరాంటీ ఆ రాత్రే రజాయి ఇచ్చింది, తెల్లారి అద్రక్ చాయ్ ఇచ్చింది. ఆవిడ మాట నాకర్థమయ్యేది కాదు, నా మాట ఆవిడకర్థమయ్యేది కాదు" అని చెబితే పిల్లలు నోరు తెరుచుకుని వింటారు. అమ్మానాన్నలు కూడా ఒకరి దయ అందుకున్నారన్న సంగతి వాళ్ళకు కొత్తగా ఉంటుంది. అందుకోవడం చిన్నతనం కాదని అప్పుడు తెలుస్తుంది.

అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో మార్షల్ డ్యూక్, రాబిన్ ఫైవుష్ అనే ఇద్దరు పరిశోధకులు పిల్లలను తమ కుటుంబం గురించి ఇరవై ప్రశ్నలు అడిగారు. అమ్మానాన్నలు ఎలా కలుసుకున్నారు, తాతలు ఎక్కడ పెరిగారు లాంటివి. ఇంటి కథలు ఎక్కువగా తెలిసిన పిల్లల్లో ఆత్మవిశ్వాసం కూడా ఎక్కువగా కనిపించింది. ప్రశ్నలకు జవాబులు బట్టీ పట్టిస్తే ఆ ఫలితం రాదని కూడా వాళ్ళే చెప్పారు. ఆ కథలు చెప్పుకునే తీరిక, కలిసి కూర్చునే అలవాటు ఆ ఇళ్ళలో ఉన్నాయన్నదే అసలు సంగతి. పండుగ మనకు అలాంటి తీరిక ఇస్తుంది.

ఇంటి కథకు ఊరి కథ కూడా కలపవచ్చు. ఢిల్లీకి వచ్చిన తెలుగువాళ్ళ పిల్లలు చదువుకోవడానికి 1948లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీని స్థాపించారు. ఆ బళ్ళు నేటికీ నడుస్తున్నాయి. తిరుమల తిరుపతి దేవస్థానం 1961లో శ్రీ వెంకటేశ్వర కళాశాలను ఇక్కడ ప్రారంభించింది. గోల్ మార్కెట్ దగ్గర బాలాజీ గుడికి వెళ్ళినప్పుడో, ఆంధ్రా భవన్‌లో భోజనానికి వరుసలో నిలబడ్డప్పుడో, "మనకంటే ముందు వచ్చినవాళ్ళు మనకోసం ఇవన్నీ ఏర్పాటు చేసి పెట్టారు" అని ఒక్క మాట అంటే చాలు. మన పేరు కూడా తెలియని మనుషులు మనకు మేలు చేశారన్న ఊహ పిల్లల మనసును విశాలం చేస్తుంది.

చేతికి పని ఇద్దాం

వాటా అంటే ఏమిటో దగ్గరగా చూద్దాం. అరిసెల పనే తీసుకోండి. ముందురోజు బియ్యం నానబోస్తాం. మర్నాడు వడగట్టి, తడి ఆరకముందే పిండి చెయ్యాలి. ఇక్కడి చక్కీవాళ్ళు తడిబియ్యం పట్టమంటే ఒప్పుకోరు కాబట్టి మిక్సీలో వేసి జల్లించుకోవాలి. ఆ జల్లెడ ఎనిమిదేళ్ళ పిల్ల చేతికిద్దాం. పిండి కొంత గట్టు మీద, కొంత జుట్టు మీద పడుతుంది. పడనిద్దాం. తర్వాత బెల్లం పాకం. గరిటె మన చేతిలోనే ఉండాలి. పళ్ళెంలో చల్లటి నీళ్ళు పోసి, పాకం పరీక్ష చేసే ఉద్యోగం పిల్లకిద్దాం. ఒక చుక్క నీళ్ళలో వేసి "ఉండ కట్టిందా చూడు" అంటాం. మొదటిసారి కరిగిపోతుంది. ఇంకాసేపటికి వేళ్ళకు తీగలా సాగుతుంది. చివరికి మెత్తటి ఉండ అవుతుంది. "అయింది" అని ఆ పిల్ల చెప్పాలి. చెప్పాకే పిండి కలపాలి. ఆ కాసేపు ఇల్లంతా ఆ పిల్ల మాట కోసం ఆగింది. పోయిన నెల అమ్మమ్మ డబ్బా ముట్టుకోని పిల్లే, ఈ వంకర అరిసెను ఊదుకుంటూ తింటుంది. తింటూ తింటూ, "ఇన్నీ అమ్మమ్మ ఒక్కతే చేసిందా?" అని అడిగినా అడుగుతుంది. అడిగిందంటే మనం చెప్పాల్సినవాటిలో చాలా భాగం చెప్పినట్టే.

అరిసెలు రాకపోతే పులిహోర చేద్దాం. ఏం చేశామన్నది పెద్ద విషయం కాదు. పిల్లలకిచ్చే పని నిజమైనది కావాలి. వాళ్ళు చెయ్యకపోతే ఆ పని ఆగిపోవాలి. చేశాక మనం వెనక నుంచి వెళ్ళి సరిదిద్దకూడదు. ముగ్గు వంకరపోతే వంకరగానే ఉండనివ్వాలి. ఏటా అదే పని వాళ్ళదే కావాలి. "తోరణం కట్టేది మా తమ్ముడు" అని అక్క చెప్పుకునేలా ఉండాలి. మామిడాకులు ఐఎన్ఏ మార్కెట్‌లో దొరికేదాకా వెతకడం కూడా ఆ పనిలో భాగమే. ఎదురుచూపు తెలియని పిల్లలకు వెతుకులాట ఎంతో మేలు చేస్తుంది.

మన పండుగలను కాస్త పరికించి చూస్తే, వాటిలో పిల్లలకు పనులు పెద్దలు ఎప్పుడో కేటాయించి పెట్టారు. ఒకప్పుడు దసరాకు పంతుళ్ళు పిల్లలను వెంటబెట్టుకుని ఇంటింటికీ వెళ్ళేవారు. పిల్లల చేతుల్లో రంగుకాగితాలు అంటించిన వెదురు విల్లంబులు, నోట దసరా పద్యాలు. అయ్యవారికి కానుక, పిల్లలకు పప్పుబెల్లాలు. ఆ పప్పుబెల్లాలు ఊరికే వచ్చినవి కావు, పాడి సంపాదించుకున్నవి. చదువు చెప్పినవారికి ఊరంతా కలిసి కృతజ్ఞత చెప్పుకునే ఏర్పాటులో పిల్లలు ముందు నడిచారు. ఈ దసరాకు మన పిల్లలు తమ టీచరుకో, స్కూలు బస్సు డ్రైవరుకో స్వయంగా రాసిన రెండు వాక్యాల కార్డు ఇవ్వవచ్చు. రెండు వాక్యాలూ వాళ్ళవే కావాలి, మనం చెప్పి రాయించినవి కాకూడదు.

తెలంగాణ ఇళ్ళలో దసరా సాయంత్రం జమ్మి ఆకును బంగారమని పెద్దల చేతిలో పెట్టి కాళ్ళకు దణ్ణం పెడతారు. తెలంగాణ రాష్ట్ర వృక్షమైన ఆ జమ్మి, హర్యానా, రాజస్థాన్ నేలల్లో కూడా సహజంగా పెరిగే చెట్టు. రాజస్థాన్‌వాళ్ళు ఖేజ్డీ అంటారు, అది వాళ్ళకూ రాష్ట్ర వృక్షమే. అంటే మన పండుగ చెట్టు ఇక్కడి మట్టికి పరాయిది కాదు. పిల్లలతో కలిసి దాన్ని గుర్తుపట్టడం ఒక ఆదివారం పని. బతుకమ్మకు తంగేడు, గునుగు దొరకకపోతే బంతి, చామంతితోనే పేరుద్దాం. వరస వరసకూ పువ్వు అందించే పని చిన్నపిల్లలది.

దీపావళికి ఢిల్లీ గాలి సంగతి మనకు తెలుసు. 2025లో సుప్రీంకోర్టు గ్రీన్ క్రాకర్స్‌కు అనుమతిచ్చినా, ఉదయం ఒక గంట, రాత్రి 8 నుంచి 10 వరకు అని హద్దు పెట్టింది. టపాసులు లేకపోతే పండుగే లేదని పిల్లలు అలిగితే, కోస్తా ఊళ్ళలోని దివిటీల ఆనవాయితీని గుర్తుచేసుకుందాం. గోగుకాడలకు నూనెగుడ్డ చుట్టి వెలిగించి, పిల్లలు నేలకు కొట్టి, కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చి తీపి తినేవారు. ఇక్కడ గోగుకాడ దొరకదు, ఏ సన్నని పుల్లైనా సరిపోతుంది. పెద్దలు పక్కన నీళ్ళ బకెట్టుతో ఉంటే చాలు. ఖర్చు లేదు, పొగ తక్కువ, పిల్లల చేతిలో నిప్పు పెట్టేంత నమ్మకం మనం చూపించాం. ఆ నమ్మకాన్ని వాళ్ళు మరిచిపోరు.

ఇక కనుమ. ఏడాదంతా పనిచేసిన పశువులను కడిగి, కొమ్ములకు రంగులేసి, మంచి మేత పెట్టే రోజు అది. మన పండుగలన్నిటిలో కృతజ్ఞత పండుగ ఇదేనని పిల్లలకు చెప్పవచ్చు. బాల్కనీలో పశువులు ఉండవు. కానీ పిచ్చుకల కోసం చూరుకు వరికంకులు కట్టే ఆనవాయితీ మనకుంది. ఢిల్లీ రాష్ట్ర పక్షి 2012 నుంచి పిచ్చుకే. ఊరి నుంచి ఎవరైనా వస్తుంటే గుప్పెడు కంకులు తెమ్మందాం. లేకపోతే ఒక చిప్పలో నూకలు, ఒక చిప్పలో నీళ్ళు. పిచ్చుకలకు బదులు పావురాలే రావచ్చు, వస్తే రానివ్వండి. రోజూ చిప్ప నింపే బాధ్యత ఒక్కరికే ఇవ్వండి.

వాళ్ళు మనల్ని చూస్తున్నారు

ఇప్పుడు చెప్పబోయేది నొప్పి కలిగించవచ్చు, అయినా చెప్పుకోక తప్పదు. మన ఇంట్లో పనిచేసే దీదీతో, గేటు దగ్గర గార్డు భయ్యాతో, చెత్త తీసుకెళ్ళే మనిషితో మనం ఎలా మాట్లాడతామో పిల్లలు రోజూ వింటారు. లక్ష్మీపూజలో మనం చదివే నామాలకంటే అది వాళ్ళకు బాగా గుర్తుంటుంది. దీపావళికి ఎవరో మనకిచ్చిన సోన్‌పాపిడి డబ్బానే దీదీకి ఇచ్చేసి, "వీళ్ళకిది చాల్లే" అని అనుకున్నామంటే, ఆ పాఠం వాళ్ళకు అక్షరం పొల్లుపోకుండా అందుతుంది.

ఈ పాఠాన్ని మార్చడం మన చేతిలోనే ఉంది. ఈసారి దీదీకి ఏమివ్వాలో పిల్లలనే కనుక్కోమందాం. "దీదీ, మీ పిల్లలు ఏ క్లాసు? వాళ్ళకేం ఇష్టం?" అని వాళ్ళే అడగాలి. వాళ్ళే తెచ్చి, రెండు చేతులతో ఇవ్వాలి. ఫోటో వద్దు. దానం చేశామన్న గర్వం అక్కడ పుట్టకుండా చూసుకోవాలి. ఆవిడ లేని రోజు మన ఇల్లు ఎలా ఉంటుందో పిల్లలకు తెలుసు. "ఏడాదంతా మన పని చేసిపెట్టింది కదా, అందుకు" అని చెబితే చాలు.

ఫోటో మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. పట్టులంగా వేసి, బొమ్మల కొలువు ముందు కూర్చోబెట్టి, "ఇటు చూడు, నవ్వు, ఇంకొకటి" అని అరగంట తీశాక ఆ పిల్లకు కొలువు మీద ప్రేమ ఎక్కడ మిగులుతుంది? ఊళ్ళో ఉన్న పెద్దవాళ్ళకు చూపించాలని మనకుంటుంది, అది సహజమే. రెండు ఫోటోలు తీసి ఫోను లోపల పెట్టేద్దాం. బొమ్మలను ఎలా అమర్చాలో ఆ పిల్లనే నిర్ణయించనిద్దాం. దశావతారాల మధ్య ఒక ప్లాస్టిక్ డైనోసార్ నిలబడితే కొలువుకేం లోటు రాదు.

వాడి ఊరు ఢిల్లీ

"మన ఊళ్ళో అయితేనా" అని మనం నిట్టూరుస్తుంటాం. కోడిపందేలు, హరిదాసు, గొబ్బెమ్మలు, మేనత్తలు, మేనమామలు. మనకవి జ్ఞాపకాలు. వాడికవి ఎప్పుడూ చూడని ఊరి కబుర్లు. వాడు పుట్టింది, ఆడుకునేది, స్నేహితులున్నది ఇక్కడ. ప్రతి పండక్కీ మనం ఇక్కడ ఏమీ లేదని అంటుంటే, తన ఊరు తక్కువదని, తను పెద్ద పండుగను పోగొట్టుకుని పుట్టానని వాడికి అనిపిస్తుంది. లేనిదాన్ని తలుచుకుంటూ ఉన్నదానికి కృతజ్ఞత నేర్పడం ఎలా కుదురుతుంది?

ఢిల్లీ చేతికిచ్చేవి తక్కువేం కాదు. చిత్తరంజన్ పార్కులో దుర్గాపూజ, మైదానాల్లో రామ్‌లీలా, యమున ఒడ్డున ఛఠ్, సంక్రాంతి వేళకు లోహ్రీ మంట. మన భోగి మంట, వాళ్ళ లోహ్రీ మంట ఒకే రోజునో, పక్కపక్క రోజుల్లోనో వెలుగుతాయి. ఎదురింటి బిహారీ ఆంటీ ఛఠ్‌కు ఠేకువా పంపితే, ఆ డబ్బా ఖాళీగా తిరిగి ఇవ్వకూడదన్న మన అమ్మల అలవాటును పిల్లల చేత పాటింపజేద్దాం. డబ్బాలో బొబ్బట్లు పెట్టి వాళ్ళనే పంపుదాం. ఇవ్వడం, పుచ్చుకోవడం రెండూ ఆ గడపలో వాళ్ళకు అర్థమవుతాయి.

ఊరికి వెళ్ళగలిగిన ఏడు వెళ్దాం. రైలు టికెట్లు ఇప్పుడు 60 రోజుల ముందే ఇస్తున్నారు కాబట్టి నవంబరులోనే పిల్లలతో కూర్చుని తారీఖులు చూసుకోవచ్చు. వెళ్ళలేని ఏడు అమ్మమ్మకు ఫోన్ చేసి "హ్యాపీ సంక్రాంతి చెప్పు" అని పిల్లల చేతిలో ఫోను పెట్టే బదులు, ఒక ప్రశ్న ఇచ్చి పంపుదాం. "అమ్మమ్మా, నీకు పదేళ్ళప్పుడు భోగి రోజు ఎన్నింటికి లేచేదానివి?" ఆ ప్రశ్నకు ఇటు తెలుగు తడబడినా ఫరవాలేదు, అటు నుంచి మాటలు వాటంతటవే వస్తాయి.

పెద్దపిల్లల విషయంలో పట్టు కాస్త సడలించాలి. పదో తరగతి, పన్నెండో తరగతి పిల్లలకు సంక్రాంతి వేళకు ప్రీ-బోర్డు పరీక్షలు ఉంటాయి, ఫిబ్రవరిలో సీబీఎస్ఈ బోర్డు పరీక్షలు. అప్పుడు పూజంతా కూర్చోలేదని నొచ్చుకోవద్దు. ఒక్క పని మాత్రం పూర్తిగా వాళ్ళకే వదిలేద్దాం. తమ్ముడికి, చెల్లికి భోగిపళ్ళు పొయ్యడం వాళ్ళ పని అనుకోండి. రేగిపళ్ళు, చిల్లర, చెరుకు ముక్కలు, పూలరేకులు వాళ్ళే కలిపి, వాళ్ళే పోస్తారు. "ఇదంతా ఎందుకు?" అని వాదిస్తే వాదించనిద్దాం. వాదిస్తున్న పిల్ల ఇంకా మన మధ్యే కూర్చుని ఉంది.

కొన్ని ఇళ్ళలో ఆ ఏడాది పండుగ బరువుగా వస్తుంది. తాతగారు పోయి ఉండవచ్చు, ఉద్యోగం పోయి ఉండవచ్చు, అమ్మానాన్నలు వేర్వేరుగా ఉంటుండవచ్చు, నాన్న సరిహద్దులో డ్యూటీలో ఉండవచ్చు. అప్పుడు "ఉన్నదానికి సంతోషించాలి" అని పిల్లలకు చెప్పొద్దు. బాధ పడే హక్కు వాళ్ళకు కూడా ఉంది. "నాకూ తాతయ్య గుర్తొస్తున్నారు" అని పక్కన కూర్చుందాం. ఆయనకు ఇష్టమైన వంటకం ఒక్కటి చేసుకుందాం. దుఃఖాన్ని దాచకుండా పంచుకున్న ఇంట్లో, ఉన్నవాళ్ళ విలువ ఎవరూ చెప్పకుండానే పిల్లలకు తెలుస్తుంది.

ఇవన్నీ ఒక్క ఏడాదిలో చెయ్యాలని పెట్టుకోవద్దు. అలా పెట్టుకుంటే పండుగ ఇంకో ఆఫీసు పని అవుతుంది, మనం చిరాకుపడతాం, ఆ చిరాకే పిల్లలకు గుర్తుండిపోతుంది. ఈ సీజనుకు రెండు చాలు. పిల్లలకు ఏటా చెయ్యడానికి ఒక పని, ఇంటి బయట మనిషికి వాళ్ళ చేత్తో ఇచ్చే ఒక కానుక. వచ్చే ఏడు కూడా అవే. మూడో ఏడు మనం మరిచిపోతే వాళ్ళే గుర్తుచేస్తారు.

చివరగా ఒక మాట ముందే అనుకుని ఉందాం. మనం ఇంత చేశాక కూడా, మన పిల్లలు మనతో "మీరు మాకోసం ఎంత చేశారు" అని ఎప్పటికీ అనకపోవచ్చు. ఆ మాట కోసం కాచుకుని కూర్చుంటే మళ్ళీ అప్పు పద్దు తెరిచినట్టే. రేపు వాళ్ళు ఏ బెంగళూరులోనో, ఏ డాలస్‌లోనో కొత్తగా వచ్చిన కుర్రాడికి ఒక పూట అన్నం పెట్టి, చలికి ఒక దుప్పటి ఇస్తే మనం ఇచ్చింది చేరాల్సిన చోటికి చేరినట్టే. మనకు అందినది కూడా అలాగే అందింది. మన అమ్మానాన్నలకు మనం మాత్రం ఏనాడు నోరు విప్పి చెప్పాం? చెప్పాలనిపిస్తే ఈ పండక్కే ఫోన్ చేసి చెబుదాం. పిల్లలు పక్కన ఉన్నప్పుడే చెబుదాం.